తొమ్మిదో రాయి

కిందటి వారం మనం వరహాలమ్మని తల్లి రాయి ముందు, చేతిలో పసుపు గిన్నెతో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులూ అలాగే నిలబడి ఉంటుందనుకున్నారా? మంచివారే! అలా నిలబడిపోతే ఆవిడ వరహాలమ్మ ఎందుకవుతుంది? రాయికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, గిన్నె కడిగి బోర్లించింది, కుళాయి దగ్గర ఎదురింటి కాంతంతో ఓ విడత పోట్లాడింది కూడా. మనసులో దిగిన ముల్లు మాత్రం దిగినచోటే ఉంది.

ఆ ముల్లేమిటో కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. జంషెడ్‌పూర్‌లో కద్మా దాటి ఖర్కాయి ఒడ్డుకి దిగితే మన తల్లిదిబ్బ బస్తీ. ముప్ఫై ఇళ్ళు. అన్నీ టెక్కలి, సోంపేట వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళవే. ఇరవై రెండేళ్ళ కిందట, యాభై ఆరులో, వరహాలమ్మ మొగుడు పోలయ్య వెంట ఇక్కడికి వచ్చినప్పుడు తుప్పల మధ్య నిలువెత్తు రాయి ఒకటి కనిపించింది. నిలబెట్టిన రాయి కనిపిస్తే మనవాళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? తల్లి వెలిసిందని పసుపు పూసేసింది. ఆనాటి నుంచి రాయి తల్లి అయింది, వరహాలమ్మ పూజారమ్మ అయింది, దిబ్బ తల్లిదిబ్బ అయింది.

ఎనిమిది రోజుల కిందట చక్రధర్‌పూర్ వైపు నుంచి జానో అనే ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. హో జాతి మనిషి. ఈ గడ్డ మీద మనకంటే, రైలుకంటే, కార్ఖానాకంటే ముందున్నవాళ్ళు హోలు. ఆవిడ పసుపు రాయి ముందు నిలబడి, "ఇది మీ దేవత కాదు. మా తాత పేరు మీద నిలబెట్టిన రాయి. ఈ ఊరి పేరు దిరిసాయి," అంది. దిరి అంటే వాళ్ళ భాషలో రాయి. అరవై ఏళ్ళ కిందట తెల్లదొర ఒకడు గొలుసు పట్టించి నేల కొలిపించి, పుస్తకంలో 'పరతీ' అని రాశాడట. పరతీ అంటే బీడు, ఎవరూ లేని నేల. ఆ మాట రాయడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? కలం సిరాలో ముంచినంత సేపు. తరవాత బంట్రోతులు వచ్చి గుడిసెలు పీకేశారు. ఎవరూ లేని నేల మీద గుడిసెలు ఎలా ఉన్నాయని ఆ దొరని అడిగినవాడు లేడు.

ఆ బీడుని దొరలు ఓ జమీందారుకిస్తే, జమీందారు దగ్గర ఇనుప తుక్కు వ్యాపారి మిస్రీలాల్ సేఠ్ తండ్రి కొన్నాడు. ఇప్పుడు సేఠ్ దిబ్బంతా తనదంటున్నాడు. జానో తనదని దరఖాస్తు పెట్టింది. నేల హోలదని తేలితే, చట్టం ప్రకారం అది పరాయివాళ్ళు కొనడానికే వీల్లేదు. అంటే మనవాళ్ళు ఇంటి జాగాలు కొన్నప్పుడు రాయించుకున్న స్టాంపు కాగితాలు పొయ్యిలోకి పనికొస్తాయి. అందుకని బస్తీ పెద్ద గణపతిరావు సేఠ్‌తో మాట్లాడుకుని వచ్చాడు. "ఆ రాయి నువ్వే సీకాకుళం నుంచి తెచ్చి నిలబెట్టినావని సెప్పు వరాలప్పా. ఆ ఒక్క ముక్క సెప్పు. సేఠ్ ముప్ఫై ఇళ్ళకీ పక్కా కాగితాలు రాసిచ్చేత్తాడు," అన్నాడు. వరహాలమ్మ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. అక్కడే వదిలేశాం.

ఇదిగో, విచారణ రోజు వచ్చేసింది.

పొద్దున్న పది గంటలకల్లా డిప్టీ కలెక్టరు జీపు దిబ్బెక్కింది. ఇక్కడ ఆయన్ని హాకిం అంటారు. గణపతిరావు టార్పాలిన్ కట్టించాడు, కుర్చీలు వేయించాడు, హాకింగారికి టీ, సేఠ్ వకీలుకి టీ, డ్రైవరుకి కూడా టీ. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అన్నట్టు అటూ ఇటూ ఒకటే పరుగు. జానో మాత్రం టార్పాలిన్ నీడలోకి రాలేదు. పసుపు రాయి పక్కన ఎండలోనే గొంతుక్కూర్చుంది. ఎర్రంచు తెల్లకోక, మోచేతుల మీద పాత పచ్చబొట్లు. వాళ్ళ మాటలన్నీ హిందీలో జరిగాయి కానీ మన మాటలోకి దించి చెబుతున్నాను.

"వరహాలమ్మ ఎవరు?" అన్నాడు హాకిం. నడివయసు మనిషి, కళ్ళజోడు, గొంతు పెంచని రకం.

"నానే బాబూ," అని ముందుకొచ్చింది. కొడుకు బంగార్రాజు వెల్డింగు పనికి సెలవు పెట్టి మరీ వెనక నిలబడ్డాడు.

"ఈ రాయి ఎవరు పెట్టారు?"

గణపతిరావు దగ్గాడు. ఆ దగ్గుకి పక్కబస్తీలో కుక్క కూడా తిరిగి చూసి ఉంటుంది.

"నాను పెట్టనేదు బాబూ. నాను పసుపెట్టినాను. రాయి నాకంటే ముందే ఉంది."

"ఓలప్పా!" అని ఒకటే గగ్గోలు. సేఠ్ వకీలు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఇరవై రెండేళ్ళు పూజ చేసిన దేవతని మీరే కాదంటారా? కళ్ళు పోవూ?"

వరహాలమ్మ నడుం మీద చెయ్యి వేసింది. ఆవిడ నడుం మీద చెయ్యి వేసిందంటే ఎదటివాడికి మూడిందన్నమాటే. "తల్లిని నానెప్పుడు కాదన్నాను వకీలు బాబూ? తల్లి ఎక్కడ కూకోమంటే అక్కడ కూకుంటాది. పరాయోల తాత నెత్తిమీద కూకోమని సెప్పింది నాను. తప్పు నాది, తల్లిది కాదు. నా కళ్ళ సంగతి నాకూ ఆవిడికీ మధ్య ఉంది, నీకెందుకు?"

హాకిం మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. వకీలు మాత్రం గట్టివాడే. దారి మార్చాడు. "సరే హుజూర్, రాయి ముందే ఉందనుకుందాం. నిలువు రాయి దేనికి సాక్ష్యం? పొలిమేర రాయి కావచ్చు, గాలివాటున పడ్డది కావచ్చు. దీని కింద ఎముకలు లేవని ఈ ముసలామే తన దరఖాస్తులో రాయించింది."

"నిలబెట్టిన రాయి పేరు కోసం," అంది జానో కూర్చున్నచోటి నుంచే. "ఎముకలు పడుకోబెట్టిన రాళ్ళ కింద ఉంటాయి. మా వాళ్ళని మా వాకిట్లోనే పెట్టుకుంటాం. కుండలో ఎముకలు, పైన బల్లరాయి. దొర దగ్గర కాగితం ఉంది. మాకు రాళ్ళున్నాయి. అవే మా కాగితాలు."

"ఎన్ని బల్లరాళ్ళు?"

"తొమ్మిది."

"ఎక్కడ?"

జానో చుట్టూ చూసింది. ఇళ్ళు, కాలవలు, కోళ్ళ గంపలు, ఆరేసిన బట్టలు. బల్లరాయి ఒక్కటీ లేదు. ఎనిమిదేళ్ళ పిల్లగా వదిలివెళ్ళిన వాకిలి అది.

వకీలు పకపకా నవ్వాడు. "తొమ్మిది రాళ్ళూ కాళ్ళొచ్చి నడిచిపోయాయా అమ్మా?"

ఆ నవ్వుకి వరహాలమ్మ తల దించుకుంది. ఎందుకంటారా? ఆ రాళ్ళకి కాళ్ళు ఎలా వచ్చాయో ఆవిడకి తెలుసు. పసుపు పూసిన కొత్తలో తల్లి చుట్టూ బల్లల్లాంటి రాళ్ళు పడి ఉంటే, "తల్లి వాకిట్లో రాళ్ళు, ఇంటికో రాయి పట్టుకెళ్ళండి, శుభం," అని దగ్గరుండి పంచిపెట్టింది తనే. ప్రసాదం పంచినట్టు పంచింది. పుచ్చుకున్నవాళ్ళు కళ్ళకద్దుకుని మోసుకుపోయారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటిదొంగే లేచి నిలబడింది.

"నాతో రండి బాబూ," అంది.

మొదట కాంతం ఇంటికే తీసుకెళ్ళింది. పెరట్లో బట్టలుతికే బండ, సబ్బు నురగతో సహా తడితడిగా ఉంది. "ఇదొకటి," అంది వరహాలమ్మ. కాంతం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో! ఎవుల్దే ఇది? పద్దెనిమిదేళ్ళ నుంచి దీనిమీద గుడ్డలు బాదుతన్నాను కదే!"

జానో వంగి రాయి అంచు తడిమింది. ఓ మూల చిన్న గంటు దగ్గర వేలు ఆగింది. "మా పెదతాత తురాం. దీన్ని పన్నెండుమంది మోసుకొచ్చారు," అంది. కాంతం గబగబా బిందెడు నీళ్ళు తెచ్చి సబ్బంతా కడిగేసింది. చెంగుతో తుడిచింది. పాపం, వరహాలమ్మకి కుళాయి దగ్గర పోట్లాట గుర్తొచ్చి సిగ్గేసింది.

అక్కణ్ణుంచి భీమారావు ఇంటి ముందు కాలవ మీద కప్పిన బండ. ఆ తరవాత రుబ్బురోలు కింద ఒకటి, పందుల దొడ్డి దగ్గర రెండు, కొట్టు ముందు అరుగు, నూతి చప్టా. ఒక్కోదాని దగ్గరా జానో ఆగడం, తడమడం, ఓ పేరు చెప్పడం, హాకిం గుమాస్తా పేష్కారు రాసుకోవడం. వెనక బస్తీ బస్తీ అంతా నడుస్తోంది. మొదట గొణిగినవాళ్ళు నాలుగో రాయి దాటేసరికి చెప్పులు విడిచేశారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే.

"ఏడయ్యాయి," అన్నాడు పేష్కారు.

"ఎనిమిదోది గణపతిరావు కాళ్ళ కింద ఉంది," అంది వరహాలమ్మ.

గణపతిరావు తన గుమ్మం ముందు రాతి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నిప్పు తొక్కినట్టు ఎగిరి పక్కకి దిగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. జానో ఆ మెట్టు దగ్గర చాలాసేపు కూర్చుంది. "మా అన్న. పుట్టిన ఏడాదికే పోయాడు. అందుకే రాయి చిన్నది," అంది. గణపతిరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతగాడికీ ఓ పిల్లాడు పురిట్లో పోయాడులెండి, అది బస్తీ అంతటికీ తెలుసు.

కానీ వకీలు రాళ్ళకి కరిగేవాడు కాదు. కరిగితే సేఠ్ ఎందుకు పెట్టుకుంటాడు? "హుజూర్, కదిలిన రాయి సాక్ష్యం కాదు. ఏ రాయినైనా ఎక్కణ్ణుంచైనా బండిలో వేసి తెచ్చుకోవచ్చు. ఉన్నచోటు నుంచి కదలని రాయి ఒక్కటి చూపించమనండి. దాని కింద కుండ, కుండలో ఎముకలు చూపించమనండి. నేను ఇప్పుడే ఫైలు మూసుకుని పోతాను."

హాకిం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ మాట న్యాయమే. తొమ్మిదోది ఎక్కడ?"

అందరూ వరహాలమ్మ వైపు చూశారు. "నాకు తెలిసినవి ఎనిమిదే బాబూ. తల్లి మీద ఒట్టు. తొమ్మిదోది నాను ఎవులికీ ఇవ్వనేదు."

"తొమ్మిదోది మా అమ్మ," అంది జానో.

కర్ర పక్కన పడేసి వెనక్కి నడిచింది. పసుపు రాయికి వీపు ఆనించి, సూర్యుడు పొడిచే వైపు మొహం పెట్టి నిలబడింది. "అమ్మ పోయాక రోజూ పిడికెడు అన్నం పట్టుకెళ్ళి ఆ రాయి మీద పెట్టేదాన్ని. తాత దగ్గర్నుంచి అరవై రెండు అడుగులు. పిల్ల అడుగులు."

"ఇప్పుడు నువ్వు పిల్లవి కావుగా," అన్నాడు వకీలు.

"ముసలిదాన్ని. అడుగులు మళ్ళీ చిన్నవయ్యాయి," అని కదిలింది.

ఒకటి, రెండు, మూడు... బస్తీ పెదాలు కూడా ఆవిడతోపాటే లెక్కపెడుతున్నాయి. కాంతం ఇంటి వార దాటింది. నలభై. నూతి దాటింది. యాభై. యాభై ఐదో అడుగుకి జానో వరహాలమ్మ గడప ముందుంది. గడప దాటి, వసారా దాటి, వంటింట్లోకి నడిచింది. అరవై రెండో అడుగు పొయ్యి దగ్గర ఆగింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

"ఇక్కడ," అంది.

"యే క్యా తమాషా హై!" అని అరిచాడు బంగార్రాజు. "అమ్మా, ఇస్కో బాహర్ నికాలో!" కోపమొస్తే వాడికి హిందీయే వస్తుంది; ముసలమ్మని బయటికి పంపెయ్యమంటున్నాడు.

వరహాలమ్మ పొయ్యి వంక చూసింది. పోలయ్య మాట చెవిలో మోగింది. ఈ ఇల్లు కట్టిన రోజు గునపంతో రెండు పోట్లు పొడిచి, 'కింద బండుందే వరాలూ, పునాదక్కర్లేదు, బండ మీదే పొయ్యేసీదాం, ఏనుగు తొక్కినా కదలదు,' అన్నాడు. ఎంత సంబరపడ్డారో ఇద్దరూ. ఇరవై రెండేళ్ళు ఆ పొయ్యి మీదే వండింది. పోలయ్య శవాన్ని ఈ ఇంట్లోంచే లేపారు. బంగార్రాజు నడక నేర్చింది ఈ మట్టి మీదే.

హాకిం గుమ్మంలోనే ఆగాడు, చెప్పులు విడిచి. "అమ్మా, బాగా వినండి. ఇది మీ ఇల్లు. మీరు ఒప్పుకోకుండా నేను తవ్వించలేను. ఆర్డరు కోసం పైకి రాస్తే ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేను. ఈవిడ అప్పటిదాకా ఉంటుందో లేదో కూడా చెప్పలేను. మీరు ఒప్పుకుని, కింద ఎముకలు దొరికితే, నేల ఈవిడదని ఈరోజే రాస్తాను. ఆ తరవాత మీ ముప్ఫై ఇళ్ళూ ఉండాలా, లేవాలా అన్నది ఈవిడ ఇష్టం. సేఠ్ కాగితాలు రావు. ఆలోచించుకోండి."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే మనిషి గణపతిరావు వెంటనే చెవిలో చేరాడు. "వరాలప్పా, దేవుడు తాళం నీ సేతిలో పెట్టినాడు. ఇప్పుడే తవ్వనీకు. ఏ ఇల్లూ ముట్టుకోనని ముందు ముసలిదాని సేత ఏలిముద్ర ఏయించు. ఆ తరవాత గునపమెయ్యి. అమ్మ ఎముకల కోసం అది ఏటన్నా ఒప్పుకుంటాది."

"అవునప్పా, అదే సెయ్యి," అన్నాడు భీమారావు. "ముందు మాట తీసుకో," అన్నాయి ఇంకో పది గొంతులు. బంగార్రాజు కూడా తల ఊపాడు. వాళ్ళది తప్పని నేననను. నెత్తిన కప్పు పోతుందంటే ఎవరైనా అలాగే అంటారు.

వరహాలమ్మకి భయం వేసింది. అవును, వేసింది. యాభై రెండేళ్ళ వయసులో మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఏ ఒడ్డున దిగాలి? తనొక్కర్తే అయితే సరే, ముప్ఫై ఇళ్ళ ఉసురు. వేలిముద్ర అడిగితే తప్పేముంది? అడగడానికే నోరు తెరిచింది.

జానో అప్పటికే పొయ్యి పక్కన చతికిలబడి, అలికిన మట్టి మీద అరచెయ్యి ఆన్చి ఉంది. మట్టి వెచ్చగా ఉంది మరి, పొద్దుటి నుంచీ పొయ్యి వెలుగుతూనే ఉంది. ఆవిడ తల ఎత్తి వరహాలమ్మని చూసింది.

"చలికాలం వచ్చినప్పుడల్లా మా అమ్మ మీద మంచు పడుతూ ఉంటుందని ఏడ్చేదాన్ని," అంది. "ఇన్నేళ్ళూ వెచ్చగానే ఉందన్నమాట."

వరహాలమ్మ వేలిముద్ర మాట వదిలేసింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు. ఎసరు గిన్నె దించింది. చెంబెడు నీళ్ళు పొయ్యిలో పోసింది. గుప్పున పొగ లేచింది.

"ఏటి సేత్తన్నావప్పా? మాట తీసుకోకుండా?" గణపతిరావు గుమ్మంలో గోల పెట్టాడు.

"నోరు మూసుకో గణపతీ! కన్నతల్లిని సూపించడానికి బేరమేట్రా? రేపు ఈవిడ పొమ్మంటే పోదాం. కాళ్ళు నేవా మనకి? సీకాకుళం నుంచి ఇక్కడిదాకా నడిపించినవే కదా! పొమ్మంటే కట్టిన ఇల్లు పోతాది. ఇప్పుడు బేరమాడితే మొహం పోతాది. రాజూ, గునపం తే."

బంగార్రాజు కదల్లేదు. ఆవిడే పెరట్లోకి వెళ్ళి గునపం తెచ్చుకుంది. హాకిం పేష్కారుకి సైగ చేశాడు. పేష్కారు కాగితం మీద కలం ఆన్చి సిద్ధంగా ఉన్నాడు. వకీలు నవ్వు ఎప్పుడో ఆరిపోయింది. గుమ్మంలో, కిటికీలో, వసారాలో బస్తీ మొహాలే.

వరహాలమ్మ కొంగు బిగించి గునపం ఎత్తింది. మొదటి పోటుకి పొయ్యి రాయి పక్కకి ఒరిగింది. రెండో పోటుకి అలికిన మట్టి పెళ్ళలుగా లేచింది. కింద నల్లటి బల్లరాయి, ఓ చాపంత మేర, మసిబారి, పగులన్నది లేకుండా కనిపించింది. గోడకి ఆనుకున్న ఆడవాళ్ళలో ఒకరు దండం పెట్టారు.

బల్ల కింద గునపం మొన దూర్చడానికి ఆవిడ ముందుకు వంగింది. అప్పుడు జానో లేచి, రెండు చేతులతో గట్టిగా ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఆగు," అంది. తరవాత గుమ్మంలో ఉన్న హాకిం వైపు తిరిగింది. "మా అమ్మని లేపేముందే నేను ఒక మాట రాయించాలి. ఈ ఇళ్ళ గురించి. రాసుకోండి."